ఫైబర్ బోటుకు జీపీ, ఐసో, వినైల్ ఎస్టర్, ఎపాక్సీ: తడికీ దెబ్బకీ కలిపి ఓర్చేది ఏది?

ఫైబర్ బోటు కట్టించుకోడానికి యార్డుకు వెళ్లినవాళ్లు ఎక్కువగా రెండే సంగతులు అడుగుతారు: ఎన్ని పొరలు వేస్తారు, ఎంత అవుతుంది. గాజుపోగుల్ని కలిపి పట్టి గట్టిపడే రెజిన్ గురించి అడిగేవాళ్లు తక్కువ. అడిగినా "ఏది గట్టిది?" అంటారు. డీలరు కాగితం తీసి చూపిస్తాడు, లాగితే ఇంత బలం, వంచితే ఇంత బలం అని. ఆ అంకెలు నిజమే. అయితే అవి ఒక్కసారి కూడా తడవని, ఒక్కసారి కూడా బరువు మోయని కొత్త ముక్క మీద తీసినవి. నీళ్లలోకి దిగి ఒక సీజను తిరిగిన బోటు ఆ ముక్కలా ఉండదు.

తడి వల్ల ఎంత బలం పోతుంది, వాడకం వల్ల ఎంత పోతుంది అని విడివిడిగా లెక్కేసి కూడితే సరిపోదని నా గట్టి అభిప్రాయం. దెబ్బలు తిని లోపల సన్నని నెర్రెలు పడ్డ ఫైబర్‌లోకి నీరు దిగితే జరిగే నష్టం ఆ రెండింటి మొత్తం కన్నా ఎక్కువ. అందుకని రెజిన్‌నైనా గాజుపోగుల పరుపు లాంటి మ్యాట్‌నైనా ఎంచుకునేటప్పుడు, మొదటి నెర్రెను ఏది ఎక్కువకాలం ఆపగలదో చూడాలి. పొడి బలం ఆ తరువాతి మాట.

మన తీరానికి ఇది మరీ అవసరం. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం లాంటి కొద్ది చోట్ల హార్బర్లున్నాయి. మిగతా చాలా ఊళ్లలో బోటు అలల్ని దాటి నేరుగా ఇసుక మీదికి రావాల్సిందే. వెళ్లేటప్పుడు అల మీద నుంచి దభీమని కింద పడటం, వచ్చేటప్పుడు ఇసుకను కొట్టుకోవడం, ఆపైన జనం కలిసి ఒడ్డు మీదికి లాగడం. వీటికి తోడు ఇంజను అదురు. నీరు ఏడాదిలో చాలా నెలలు 27 నుంచి 30 డిగ్రీల వేడిలో ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ నీరు రెజిన్‌లోకి త్వరగా ఇంకుతుంది. చల్లని సముద్రాల్లో ఏళ్ల తరబడి నిలిచిన పడవల అనుభవాన్ని ఇక్కడికి ఉన్నదున్నట్టుగా తెచ్చుకోలేం.

నీరు లోపలికి వెళ్లి ఏం చేస్తుంది

రెజిన్, గాజుపోగుల పొరలు కలిసి గట్టిపడిన గోడనే లామినేట్ అంటారు. నెర్రె లేని మంచి లామినేట్‌లోకి కూడా నీరు వెళ్తుంది, మెల్లగా. మందం రెట్టింపైతే తడి పూర్తిగా పట్టడానికి నాలుగు రెట్లు సమయం కావాలి. అందుకే పల్చని చోట్లు, కోసి వదిలేసిన అంచులు, బోల్టు కోసం వేసిన రంధ్రాలు ముందు తడుస్తాయి. ఆరు మిల్లీమీటర్ల గోడకు తడి మొత్తం పట్టడానికి నెలలు పడుతుంది.

దిగిన నీరు మూడు పనులు చేస్తుంది. మొదటిది, రెజిన్‌ను మెత్తబరుస్తుంది. ఎపాక్సీలో అయితే ఒక్క శాతం నీరు చేరినా అది మెత్తబడే ఉష్ణోగ్రత పది, ఇరవై డిగ్రీలు కిందికి దిగుతుంది. ఆరితే ఇది చాలావరకు తిరిగొస్తుంది. రెండోది, గాజు పోగుకూ రెజిన్‌కూ మధ్య ఉన్న పట్టును వదులు చేస్తుంది. ఆ పట్టు కోసమే గాజుపోగుల మీద తయారీలోనే సైలేన్ పూత వేస్తారు. మూడోది, పాలియెస్టర్ రెజిన్ అణువుల గొలుసుల్ని కలిపి ఉంచే ఎస్టర్ బంధాల్ని తెంపుతుంది. గాజు మీద కూడా నేరుగా పనిచేస్తుంది: లాగుడులో ఉన్న గాజుపోగు తడిగాలిలోనే నెమ్మదిగా తెగుతుంది, నీళ్లలో ఇంకా త్వరగా. ఈ చివరి రెండు నష్టాలు ఎంత ఎండబెట్టినా తిరిగి రావు.

కాంక్రీటులో వేసే ఫైబర్ కడ్డీల విషయంలో ఇంజనీర్లు దీన్ని ఎంత గట్టిగా తీసుకున్నారో చూస్తే ఒక అంచనా వస్తుంది. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ 2006 మార్గదర్శకాల్లో, ఆరుబయట వాడే గాజుపోగు కడ్డీకి తయారీదారు చెప్పిన బలంలో 70 శాతమే లెక్కలోకి తీసుకోమన్నారు. కార్బన్‌కైతే 90 శాతం. ఎప్పుడూ మోస్తూనే ఉండే బరువు విషయంలో గాజుకు ఆ తగ్గించిన బలంలోనూ 20 శాతమే వదిలారు, కార్బన్‌కు 55 శాతం ఇచ్చారు. గాజుకు శత్రువు ఉత్త బరువు కాదు, తడిలో ఆగకుండా మోసే బరువు.

ముందు మోసిన బరువు గుర్తులు

మ్యాట్‌లో పోగులు అన్ని దిక్కులకూ పడి ఉంటాయి. లాగుడుకు అడ్డంగా ఉన్న పోగుల దగ్గర రెజిన్ ముందు విడిపోతుంది. తెగే బరువులో దాదాపు మూడో వంతు దగ్గరే ఇది మొదలవుతుంది. అంటే బోటు చెక్కుచెదరలేదని మనం అనుకునే దశలో లోపల పని మొదలైపోయింది. ఇంకా ఎక్కువ బరువు పడితే ఆ విడిపోయిన చోట్లను కలుపుతూ రెజిన్‌లో నెర్రెలు పాకుతాయి. రంగు కలపని ఫైబర్ ముక్కను వంచితే ఒక దశలో తెల్లగా మారుతుంది, చెవికి దగ్గరగా పెట్టుకుంటే చిటపట వినిపిస్తుంది. ఆ తెలుపు విడిపోయిన పోగులే.

ఆ చిటపటకు శాస్త్రంలో పెద్ద చోటు ఉంది. జర్మనీలో జోసెఫ్ కైజర్ 1950లో గమనించింది ఏమంటే, ఒకసారి బరువు మోసిన పదార్థం, రెండోసారి అదే బరువు దాటేదాకా నిశ్శబ్దంగా ఉంటుంది. ఫైబర్ విషయంలో తేడా ఉంది. దెబ్బతిన్న లామినేట్ పాత బరువు చేరకముందే మళ్లీ చప్పుడు మొదలుపెడుతుంది. ఎంత ముందుగా మొదలుపెడితే అంత దెబ్బతిన్నట్టు. పెద్ద ఫైబర్ ట్యాంకుల్నీ పీడన పాత్రల్నీ చప్పుడు మళ్లీ మొదలైన బరువుకూ పాత బరువుకూ ఉన్న నిష్పత్తి కొలిచి తూకం వేస్తారు. మోసిన బరువును ఫైబర్ మర్చిపోదు అనడానికి ఇంతకంటే నేరుగా కనిపించే రుజువు నాకు తెలియదు.

ఇక రెండూ కలిస్తే సంగతి. మామూలుగా నెలలు పట్టే తడి, నెర్రె ఉన్నచోట పోగు వెంబడి కేశనాళికలా పాకి గంటల్లో, రోజుల్లో లోపలికి చేరుతుంది. అక్కడ గాజు ఒట్టిగా దొరుకుతుంది. మరుసటి రోజు మళ్లీ అల కొడుతుంది, నెర్రె తెరుచుకుంటుంది, కొత్త నీరు లోపలికి వెళ్తుంది, ఉప్పు మిగులుతుంది.

క్రమం కూడా ముఖ్యం. ముందు తడిసి, ఆ తరువాత బరువు మోసిన ముక్క కొన్నిసార్లు అనుకున్నంత చెడిపోదు. కొద్దిగా మెత్తబడిన రెజిన్ నెర్రెను ఆపగలదు. గట్టిపడేటప్పుడు లోపల మిగిలిన బిగువు కూడా నీటితో ఉబ్బినప్పుడు కొంత సడలుతుంది. ముందు నెర్రె పడి ఆ తరువాత తడిసిన ముక్కకు ఈ అదృష్టం లేదు. అందుకే కొత్త బోటుకు మొదటి సీజనే కీలకం. బరువు ఎక్కువేసి, ఇంజను పెద్దది బిగించి "తట్టుకుంటుందా లేదా చూద్దాం" అనే అలవాటు మానాలి.

రెజిన్ ఎంపిక

మన యార్డుల్లో ఎక్కువగా దొరికేది జీపీ రెజిన్, అంటే ఆర్థోఫ్తాలిక్ పాలియెస్టర్. గట్టిపడిన రెజిన్ ఒక్కటే అయితే తెగేలోగా సుమారు 2 శాతం సాగుతుంది, రకాన్ని బట్టి ఇంకా తక్కువ. చౌక, పనివాళ్లకు చెయ్యి తిరిగినది. తడికి ఓర్పు మాత్రం నాలుగింటిలో దీనికే తక్కువ.

ఐసో, అంటే ఐసోఫ్తాలిక్ పాలియెస్టర్. సాగేది జీపీ కన్నా కొంచెం ఎక్కువ, ఎస్టర్ బంధాలు తెగేది స్పష్టంగా తక్కువ. వేడికి కూడా మేలు: జీపీ సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య బరువు కింద వంగిపోతే, ఐసో 90 దాటుతుంది. మే నెల ఇసుక మీద బోర్లించిన ముదురు రంగు బోటు ఎంత వేడెక్కుతుందో చెయ్యి పెట్టి చూసినవాళ్లకు ఈ తేడా విలువ తెలుస్తుంది.

వినైల్ ఎస్టర్ సాగేది 5, 6 శాతం దాకా. ఎస్టర్ బంధాలు గొలుసు చివర్లలోనే ఉంటాయి, అవీ పక్కనున్న మిథైల్ గుంపుల చాటున. కాబట్టి నెర్రె ఆలస్యం, నీటి దాడి తక్కువ. ధర ఎక్కువ, నిలవ కాలం తక్కువ, పని సరిగా తెలియని చేతుల్లో సరిగా గట్టిపడదు.

ఎపాక్సీ పట్టు అన్నింటికన్నా బాగుంటుంది, గట్టిపడేటప్పుడు ముడుచుకోవడం తక్కువ. కానీ నీరు తాగే మోతాదు పాలియెస్టర్ కంటే ఎక్కువే. అసలు చిక్కు ఏమిటంటే, షెడ్డులో మామూలు గాలిలో గట్టిపడ్డ ఎపాక్సీ 60, 70 డిగ్రీలకే మెత్తబడుతుంది. దాని నుంచి తడి ఇంకో పది, పదిహేను తీసేస్తే ఎండలో మిగిలేది కొంచెమే. వేడిగదిలో పెట్టి మళ్లీ గట్టిపరచగలిగితేనే ఎపాక్సీ బోటు మాట ఎత్తాలి. అతుకులకూ మరమ్మతులకూ మాత్రం నేను ఎపాక్సీ వైపే.

ఎవరికి ఏది?

రోజూ అలలు దాటి ఇసుక మీదికి వచ్చే బోటుకు: జెల్ కోట్ (బోటు బయటి నున్నని రెజిన్ పూత) వెనుక మొదటి రెండు పొరలు వినైల్ ఎస్టర్, మిగతాది ఐసో. డబ్బు అంత లేకపోతే మొత్తం ఐసో. అదీ కుదరకపోతే పై పొరలు ఐసో, లోపలివి జీపీ. మొత్తం జీపీ కట్టించి పొరలు పెంచుదామా అని అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే. మందం 25 శాతం పెంచితే, వంచే బరువు అంతే ఉన్నప్పుడు ఉపరితలం సాగేది దాదాపు 36 శాతం తగ్గుతుంది. ఇది చిన్న లాభం కాదు. కాబట్టి కీలు (బోటు అడుగున నడిమి వెన్ను) వెంబడి, ముందు భాగం అడుగున, ఇంజను బిగించే వెనుక పలక మూలల్లో పొరలు పెంచడం ఏ రెజిన్‌కైనా మంచిదే. కానీ బోటంతా మందం పెంచిన జీపీ కన్నా, అవసరమైన చోట మందం పెంచిన ఐసో మేలు. బరువు పెరిగిన బోటు ఇసుకను ఇంకా గట్టిగా కొడుతుంది, లాగడానికి ఇంకా ఎక్కువ మంది కావాలి.

ఉప్పుటేర్లలో, కాలువల్లో ఎప్పుడూ నీళ్లలోనే కట్టి ఉంచే పడవకు దెబ్బలు తక్కువ, తడి మాత్రం ఎడతెగదు. జెల్ కోట్ కింద నీటి పొక్కులు లేచేది ఇలాంటి వాటికే. రెజిన్‌లో చర్య జరగకుండా మిగిలిన, నీటిలో కరిగే పదార్థాలు నీటిని లాక్కుని పొక్కు కడతాయి. ఒడ్డున ఆరే బోటుకు ఈ జబ్బు తక్కువ. కాలువ పడవకు పై పొర వినైల్ ఎస్టర్ తప్పనిసరి అంటాను, లోపల జీపీ అయినా ఫరవాలేదు.

రొయ్య హేచరీ ట్యాంకు ఇంకో రకం. దానికి దెబ్బ లేదు, కానీ బరువూ తడీ ఇరవై నాలుగు గంటలూ ఉంటాయి. బ్రిటన్ వాళ్ల బీఎస్ 4994 ప్రమాణంలో ఫైబర్ ట్యాంకు గోడ సాగుదలను, రెజిన్ తెగే సాగుదలలో పదో వంతుకో 0.2 శాతానికో, ఏది తక్కువైతే దానికి కట్టేశారు. అంటే 1.5 శాతం సాగే నాసిరకం జీపీ వాడితే గోడను 0.15 శాతం దగ్గరే ఆపాలి. అదే నీటికి గోడ ఇంకా మందంగా కావాలి. రెజిన్‌లో మిగిల్చామనుకున్న డబ్బు మ్యాట్‌లో పోతుంది.

మ్యాట్, పోగు

ఇక్కడ ఒక్క విషయం మీద పట్టుబట్టండి: చిన్నగా తరిగిన పోగులతో చేసే చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్‌లో పోగుల్ని అతికి ఉంచే పదార్థాన్ని బట్టి పౌడర్ బైండర్‌ది, ఎమల్షన్ బైండర్‌ది అని రెండు రకాలున్నాయి. ఎమల్షన్ రకం మూలల్లో సులువుగా ఒదుగుతుంది కాబట్టి పనివాళ్లకు ఇష్టం. కానీ ఆ బైండర్ నీటికి లొంగుతుంది, పోగు వెంబడి తడి పాకడానికి దారిస్తుంది. నీటివైపు పొరలకు చదరపు మీటరుకు 300 గ్రాముల పౌడర్ మ్యాటే వేయమనండి. ధరలో తేడా ఇక్కడ పెద్దగా ఉండదు, ఫలితంలో ఉంటుంది.

వోవెన్ రోవింగ్, అంటే లావు పోగుల కట్టలతో నేసిన గుడ్డ, బలాన్నిస్తుంది. అయితే రోవింగ్ మీద రోవింగ్ వేస్తే పొరల మధ్య పట్టు ఉండదు, విడిపోయేది అక్కడే. మధ్యలో మ్యాట్ ఉండాలి. రెండు దిక్కుల పోగుల్ని పరిచి కుట్టిన బయాక్సియల్ గుడ్డలో అవి నేత మెలికలు లేకుండా తిన్నగా ఉంటాయి కాబట్టి నెర్రె కొంచెం ఆలస్యంగా పడుతుంది. దొరికితే మంచిదే.

బోరాన్ లేని ఈసీఆర్ గాజు ఆమ్లాలకు బాగా ఓర్చుతుంది. రసాయనాల ట్యాంకుకు అది కావాలి. సముద్రపు బోటుకు దానికోసం వెతుక్కోవాల్సిన పని లేదు. కార్బన్ తడికి తొణకదు, కానీ మొద్దు దెబ్బకు ఓర్పు తక్కువ, అల్యూమినియం ఫిట్టింగుల్ని ఉప్పునీటిలో తినేస్తుంది. వేట బోటుకు అది దండగ. ఆరమిడ్ (కెవ్లార్ లాంటి) పోగు తనే నీరు పీలుస్తుంది. గోగునార, జనపనార, అరటినార కాంపోజిట్‌ల మీద మన కాలేజీల్లో విద్యార్థులు ప్రాజెక్టులు చేస్తుంటారు. జనపనార మామూలు గాలిలోనే పన్నెండు శాతం దాకా తేమ పడుతుంది. లోపలి పలకలకూ ప్యాకింగుకూ ఈ పోగులు పనికొస్తాయి, నీళ్లలో ఉండే అడుగుకు వద్దు.

జెల్ కోట్ అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటే చాలు. మందంగా పూస్తే రక్షణ అనుకుంటారు. మందపు జెల్ కోట్ ముందుగా పగులుతుంది, ఆ పగులు కింది పొరకు దారి చూపిస్తుంది. రెజిన్‌లో చాక్ పౌడర్ కలపనివ్వకండి. అది సాగే గుణాన్ని చంపుతుంది.

ఇంత ఎంచుకున్నా సరిగా గట్టిపడకపోతే అంతా వృథా. వానాకాలపు తేమలో, రెజిన్‌ను గట్టిపరిచే కాటలిస్ట్ తక్కువేసి కట్టిన ఐసో, బాగా గట్టిపడ్డ జీపీ కంటే హీనం. గుడ్డ మీద అసిటోన్ పోసి లోపలి గోడను రుద్దండి, జిగురుగా తగిలితే రెజిన్ ఇంకా పచ్చిగా ఉన్నట్టు. గట్టితనం కొలిచే బార్కల్ మీటరు ఉంటే, రెజిన్ కంపెనీ చెప్పిన అంకెలో కనీసం 90 శాతం చూపాలి.

మీరే చేసి చూడగల పరీక్ష

డీలరు కాగితం కన్నా నేను దీన్ని ఎక్కువ నమ్ముతాను. నీటి గొట్టం కోసమో మరోదాని కోసమో బోటు గోడలో రంధ్రం కోస్తే ఆ ముక్క తీసుకోండి. లేదా అదే రోజు, అదే రెజిన్‌తో ఒక పలక వేయించండి. దాన్ని ఒకే వెడల్పు పట్టీలుగా కోయండి. కొన్ని పొడిగా ఉంచండి. కొన్నింటిని 60 డిగ్రీల నీళ్లలో రెండు, మూడు వారాలు ఉంచండి. మరికొన్నింటిని ముందు చిటపట వినిపించేదాకా వంచి, వదిలి, ఆ తరువాత అదే నీళ్లలో వేయండి. తరువాత అన్నింటినీ ఒకేలా వంచి విరవండి. దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో యంత్రం ఉంటే అంకెలు దొరుకుతాయి. లేకపోతే తూకపు రాళ్లు వేలాడదీసినా తేడా తెలుస్తుంది. మరిగే నీళ్లు వాడకండి: వంద డిగ్రీలు జీపీ భరించే వేడిని దాటుతుంది, పోలిక తప్పుతుంది.

చూడాల్సింది రెండో గుంపుకూ మూడో గుంపుకూ మధ్య ఎడం. రెండు రెజిన్‌ల పలకలు పక్కపక్కన పెట్టి ఇలా చేస్తే, పొడిలో ముందున్నది మూడో గుంపులో వెనకబడటం మీ కళ్లతో మీరే చూడవచ్చు. మిగిలిన ఒక ముక్కను ఆ ల్యాబు కొలిమిలోనే 600 డిగ్రీల దగ్గర కాల్పించండి. రెజిన్ కాలిపోయి గాజు పొరలు మిగులుతాయి. చెప్పినన్ని పొరలు వేశారో లేదో లెక్కపెట్టుకోవచ్చు.

పాత బోటు కొంటే

పాత బోటు అంటే ముందే బరువు మోసిన లామినేట్. 2004 డిసెంబరు సునామీ తరువాత తూర్పు తీరంలో ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి, చేతులు మారినవీ చాలా ఉన్నాయి. రంగు కొత్తగా వేసి ఉంటే ముందు అడుగు భాగం రంగు కొంచెం గీకి చూడండి. నక్షత్రంలా చీలిన పగుళ్లుంటే అక్కడ దెబ్బ తగిలింది. రూపాయి బిళ్లతో తడుతూ పోండి: ఖంగుమనే చోట బాగున్నట్టు, డొల్లగా మోగిన చోట పొరలు విడిపోయినట్టు. లోపలి వైపు రంగు లేకపోతే తెల్లని మచ్చల కోసం టార్చిలైటు వేసి వెతకండి. కాటా దగ్గరుంటే తూయించండి. అదే సైజు కొత్త బోటు కంటే బాగా బరువుంటే ఫోమ్‌లోనో ప్లైవుడ్‌లోనో నీరుంది.

మరమ్మతా, వదిలేయడమా? దెబ్బ ఒకచోట ఉంటే మరమ్మతు. కీలు పొడవునా, రెండు పక్కలా డొల్ల మోగితే వదిలేయండి. ఎంత బలమైన అతుకు వేసినా దాని అంచు పక్కనే పాత నెర్రె ఉంటుంది.

మరమ్మతుకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం అనువైన సమయం. బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది, ఎండ ఉంటుంది. దెబ్బతిన్న చోటు తెరిచి, ముందు మంచినీళ్లతో పదేపదే కడగండి. ఉప్పు మిగిలితే అది తేమను పట్టి ఉంచుతుంది, ఎన్నాళ్లు ఎండబెట్టినా ఆరదు. కడిగాక కనీసం రెండు, మూడు వారాలు ఆరనివ్వండి, రాత్రుళ్లు మంచు పడకుండా కప్పండి. తెల్లబారిన భాగమంతా పోయేదాకా అరగదీసి, అంచును మందానికి పన్నెండు రెట్ల పొడవున ఏటవాలుగా చేయండి. ఆరు మిల్లీమీటర్ల గోడకు 72 మిల్లీమీటర్లు. పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది. ఎపాక్సీ మీద మామూలు జెల్ కోట్ సరిగా గట్టిపడదు కాబట్టి పైన ఎపాక్సీకి సరిపడే పెయింటు వేయండి.

చివరగా ఇంజను బిగించే వెనుక పలక. చాలా బోట్లలో అది ఫైబర్ పొరల మధ్య పెట్టిన ప్లైవుడ్. బోల్టు రంధ్రాల ద్వారా నీరు దిగి లోపల కుళ్లుతుంది, బయటికి ఏమీ కనిపించదు. ఒక బోల్టు ఊడదీసి రంధ్రంలోకి సన్నని ఇనుప చువ్వ గుచ్చండి. తడి చెక్కపొడి దానికి అంటుకుని వస్తే, ఆ పలక మొత్తం మార్చే ఖర్చు బోటు ధరలోంచి తగ్గించుకుని బేరం చేయండి. కొత్తది బిగించేటప్పుడు రంధ్రం పెద్దదిగా వేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్టుకు రంధ్రం వేయించండి. అప్పుడు బోల్టుకు చెక్క తగలదు, నీటికీ దారి ఉండదు.